మైకేల్ బూ గారిని తలచుకుందాం: డ్రమ్ కోర్ కథలన్నీ రాసిపెట్టిన మనిషి

ఇండీ నాన్న

నమస్తే అందరికీ. స్కూల్ బ్యాండ్ ఫీజులు, యూనిఫాంలు, ఆగస్టు ఎండల్లో బ్యాండ్ క్యాంపులు, వీటి గురించి ఇక్కడ బోలెడు మాట్లాడుకున్నాం. ఇవాళ ఒక మనిషి గురించి రాయాలనిపించింది. పేరు మైకేల్ బూ. డ్రమ్ కోర్ల గురించి, అంటే ఇత్తడి వాద్యాలు, డ్రమ్స్, జెండాలతో మైదానంలో కవాతు చేస్తూ పోటీపడే యువ దళాల గురించి, రాసిన మనిషి. ఇప్పుడు మన మధ్య లేరు.

ఆయన 1975 నుంచి 1977 దాకా షికాగో దగ్గరి ‘క్యావలియర్స్’ కోర్‌లో సభ్యుడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు డ్రమ్ కోర్ గురించి రాస్తూనే ఉన్నారు. మొదట ‘డ్రమ్ కోర్ వరల్డ్’ పత్రికలో, తర్వాత డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్, అదే మనం డీసీఐ అంటామే, దాని ప్రచురణల్లో, వెబ్‌సైట్లో. ‘ఫ్యాన్‌ఫేర్’ అనే శీర్షిక ఆయనదే. సంగీతంలో మాస్టర్స్ చేశారు. బ్యాండ్లకూ కోయిర్లకూ సొంతంగా సంగీతం కూర్చారు. ఉండేది ఇండియానాలోని చెస్టర్టన్, మిషిగన్ సరస్సు ఒడ్డున ఇసుక దిబ్బలున్న చోటు.

మా అబ్బాయి బారిటోన్ అనే ఇత్తడి వాద్యం వాయిస్తాడు. వాడు మొదటిసారి కోర్ ఆడిషన్‌కి వెళ్తానన్నప్పుడు ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. వేసవి మొత్తం బస్సుల్లో తిరగడమేంటి, జిమ్ నేల మీద పడుకోవడమేంటి అని మా ఆవిడకు ఒకటే టెన్షన్. అప్పుడు వెతుకుతుంటే ఈయన వ్యాసాలు దొరికాయి. రాత్రి భోజనాలయ్యాక ఒక్కోటి చదివి మా ఆవిడకు తెలుగులో చెప్పేవాణ్ణి. వాణ్ణి పంపడానికి మేం ఒప్పుకున్నామంటే అందులో ఆయన పాత్ర ఉంది. అందుకే ఈ థ్రెడ్. చదివినవాళ్ళు మీకు గుర్తున్నవి రాయండి.

కొత్తగా చేరా

అన్నా, మా పాప ఈ ఏడాదే తొమ్మిదో తరగతి, క్లారినెట్. కోర్ అంటే స్కూల్ బ్యాండ్ కాదా? కాస్త వివరంగా చెప్పగలరా?

పాత స్నేర్

నేను చెప్తాను. స్కూల్ బ్యాండ్ స్కూలుది. కోర్ విడిగా నడిచే సంస్థ. ఆడిషన్ ఇచ్చి చేరాలి, 21 ఏళ్ళ దాకానే ఉండనిస్తారు. ఇత్తడి వాద్యాలు, డ్రమ్స్, ముందు వరసలో మరింబా లాంటివి, జెండాలు, కొయ్య రైఫిళ్ళు తిప్పే కలర్ గార్డ్, అంతే. క్లారినెట్, ఫ్లూట్, శాక్సోఫోన్ ఉండవు. మీ పాప మెల్లోఫోన్ లాంటి ఇత్తడి వాద్యం ఏదైనా నేర్చుకోవచ్చు, లేదా గార్డ్‌కి వెళ్ళొచ్చు. చాలామంది అలా చేస్తారు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికన్ లీజియన్ లాంటి మాజీ సైనికుల సంఘాలు ఊరూరా బ్యూగిల్, డ్రమ్ దళాలు పెట్టాయి. పోటీలకు నియమాలన్నీ ఆ సంఘాలవే. 1971లో కొన్ని పెద్ద కోర్లు, క్యావలియర్స్, మ్యాడిసన్ స్కౌట్స్, బ్లూ స్టార్స్, ట్రూపర్స్, శాంటా క్లారా వాన్‌గార్డ్, ‘మా పోటీలు మేమే నడుపుకుంటాం’ అని కలిశాయి. డీసీఐ అలా మొదలైంది. తొలి ఛాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో జరిగితే, కాలిఫోర్నియా నుంచి వచ్చిన అనహైమ్ కింగ్స్‌మెన్ గెలిచారు.

ఇప్పుడు బూ గారి సంగతి. ఆయన మైదానంలో ఉన్న రోజులు ఎలాంటివంటే, ఇప్పటి ట్రంపెట్లు లేవు, జి శ్రుతిలో మోగే బ్యూగిళ్ళు వాయించాలి. మూడు వాల్వుల బ్యూగిల్ 1990 దాకా రానేలేదు. మార్కులు ఇచ్చే పద్ధతిలో జడ్జీలు మైదానంలో పిల్లల మధ్య నడుస్తూ, తప్పు దొరికిన ప్రతిసారీ పెన్సిల్‌తో గీత పెట్టేవాళ్ళు. గీతకు పదో వంతు మార్కు పోయేది. 1984లో అది ఎత్తేశారు. ఆ జడ్జీని పక్కన పెట్టుకుని వాయించినవాడు రాసిన రాతకీ, గ్యాలరీలో కూర్చుని చూసినవాడు రాసిన రాతకీ తేడా ఉంటుంది కదా. ఆయనది మొదటి రకం.

కాపెల్ అమ్మ

మంచి పని చేశారు ఇండీ నాన్న గారూ. ఆయన గురించి ఎక్కడో ఒకచోట తెలుగులో ఉండాలని నాకెప్పటి నుంచో ఉంది.

నాకు బాగా నచ్చేది ఆయన పాత సీజన్ల గురించి రాసినవి. వారానికో పాత షో తీసుకుని, ఆ ఏడాది ఆ కోర్ ఏం వాయించింది, ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్నో స్థానంలో నిలిచింది, తర్వాత ఏమైంది అని రాసేవారు. అందులో గెలిచినవాళ్ళే ఉండరు. పదకొండో స్థానం, పద్దెనిమిదో స్థానం, మూతపడిపోయిన కోర్లు, అన్నీ ఉంటాయి. నాలాంటిదానికి ఎవరు గెలిచారో యూట్యూబ్ చెప్తుంది. పద్దెనిమిదో స్థానం వచ్చిన పిల్లలు ఆ వేసవి ఏం చేశారో ఎవరు చెప్తారు?

మా అమ్మాయి కోర్ రెండేళ్ళ నుంచీ ఫైనల్స్‌కి, అంటే మొదటి పన్నెండులోకి, రావట్లేదు. సెమీస్‌తో సీజన్ అయిపోతుంది. ఆ రాత్రి పిల్లలు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడుస్తుంటే పక్కన నిలబడి చూశాను. వాళ్ళ కష్టం కూడా రాయదగ్గదే అని నమ్మిన మనిషి ఒకాయన ఉన్నాడంటే నాకు ఎంతో ధైర్యం.

తాళం

నేను మృదంగం నేర్చుకున్నవాణ్ణి. మా అన్నయ్య కొడుకు స్నేర్ డ్రమ్ వాయిస్తాడు. మొదట్లో నాకు ఇది సంగీతమా, కవాతా అని అనుమానం. ఒకసారి వాళ్ళ రిహార్సల్ దగ్గర నుంచి చూశాక అర్థమైంది.

ఐదు గజాల దూరాన్ని సరిగ్గా ఎనిమిది అడుగులు వేసి దాటాలి. అంటే ఒక్కో అడుగు 22.5 అంగుళాలు. కొలబద్ద లేకుండా అదే అడుగు వేయాలి, వెనక్కి నడిచినా అంతే. ప్రతి పిల్లాడి దగ్గరా డాట్ పుస్తకం అనే ఒక చిన్న పుస్తకం మెడలో తాడుకి వేలాడుతుంటుంది. ఫలానా బీట్‌కి ఫలానా గజాల గీతకు ఇటు రెండు అడుగులు, మైదానం పొడవునా ఉండే ముందు హ్యాష్ గీతకు వెనక మూడున్నర అడుగులు అని రాసుకుంటారు. ఒక షోలో అలాంటి స్థానాలు వందకు పైనే. చెమటకు ఆ కాగితాలు తడిసి ఉబ్బిపోయి ఉంటాయి. మా వాడి పుస్తకంలో ఒక పేజీ మీద సన్‌స్క్రీన్ మరక, దాని కింద పెన్సిల్‌తో ‘ఊపిరి పీల్చకు’ అని ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఆ చోట పదహారు లెక్కలు ఒకే ఊపిరిలో అరిచి లెక్కపెట్టాలట.

నడుస్తూ లయ తప్పకుండా వాయించడం ఎంత కష్టమో సాధన చేసినవాడికే తెలుస్తుంది. బూ గారు సంగీతం చదువుకున్నవారు కావడం వల్ల ఆ కష్టాన్ని అతిగా పొగడకుండా, అలాగని తక్కువ చేయకుండా రాశారు. స్వరకర్త చెవితో విని రాసిన రాత అది.

న్యూజెర్సీ నుంచి

అందరూ మెచ్చుకుంటున్నారు, నాకూ గౌరవం ఉంది. కానీ ఒక మాట అడగాలి. ఆయన చాలాకాలం రాసింది డీసీఐ కోసమే. ఆ సంస్థ లోపాలు ఆ సంస్థ రచయిత రాయగలడా? టూర్ ఫీజు ఇప్పుడు చాలాచోట్ల 5,000 డాలర్లు దాటింది. 2018లో ఒక పేరున్న కోర్ డైరెక్టర్ మీద వేధింపుల ఆరోపణలు వస్తే, వాటిని బయటపెట్టింది బయటి దినపత్రిక. మన పిల్లల్ని పంపే ముందు అదీ తెలియాలి కదా.

గార్డ్ అమ్మ

అడగాల్సిన ప్రశ్నే. నేను ఆ ఏడాది వార్తలు చదివి రెండు రాత్రులు నిద్రపోలేదు. ఇప్పుడు ఏ కోర్‌కి పిల్లని పంపాలన్నా ముందు అడిగేది పెద్దవాళ్ళకి బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేశారా, ఫిర్యాదు ఎవరికి చెప్పాలి, ఒంటరిగా పిల్లల దగ్గర ఎవరైనా ఉండొచ్చా అనే. మీరూ అడగండి. అడిగితే విసుక్కునే చోటికి పంపకండి.

కానీ పరిశోధనాత్మక వార్త ఒక పని, జ్ఞాపకం దాచిపెట్టడం ఇంకో పని. రెండూ కావాలి. బూ గారు రెండోది చేశారు. అది కూడా ఎవరో ఒకరు పూనుకోకపోతే జరగని పనే.

పాత స్నేర్

గార్డ్ అమ్మ గారి మాటే నాదీ. ఇంకోటి. ఈ కళ ఒక్క వేసవిలో పుట్టి ఆ వేసవిలోనే పోతుంది. మే నెలలో పిల్లలు చేరతారు, ఆగస్టు రెండో వారంలో ఇండియానాపోలిస్‌లో ఫైనల్స్, ఆ మర్నాటి నుంచి ఆ షో ఇంకెప్పుడూ ఉండదు. అదే పిల్లలు మళ్ళీ కలవరు. నాటకమైతే మళ్ళీ ఆడొచ్చు, కృతి అయితే మళ్ళీ పాడొచ్చు. దీనికి ఆ వీలు లేదు. వీడియో మిగులుతుంది, నిజమే. కానీ వీడియోలో కారణం ఉండదు.

ఉదాహరణకు 1993 ఫైనల్స్. క్యాడెట్స్ కోర్‌కి 97.4, స్టార్ ఆఫ్ ఇండియానాకి 97.3. స్టార్ వాళ్ళ షో అప్పటి జనానికి మింగుడుపడలేదు, కొందరు గేలి చేశారు కూడా. ఇవాళ అదే షోని సంగీతం చదివే పిల్లలు పాఠంలాగా చూస్తారు. 2008లో ఫాంటమ్ రెజిమెంట్ 98.125తో గెలిస్తే బ్లూ డెవిల్స్‌కి 98.1. తేడా మార్కులో నలభయ్యో వంతు! ఈ అంకెలు ఎక్కడైనా దొరుకుతాయి. అప్పటి జనం ఏమనుకున్నారు, ఎందుకలా జరిగింది, తర్వాత అభిప్రాయం ఎలా మారింది, ఇవి రాసేవాళ్ళు ఉంటేనే మిగులుతాయి.

కొత్తగా చేరా

మూతపడిన కోర్లు అన్నారు. అంత పెద్ద సంస్థలు ఎందుకు మూతపడతాయి?

ఇండీ నాన్న

డబ్బే ముఖ్య కారణం తమ్ముడూ. బస్సులు, డీజిల్, తిండి, వాద్యాలు, బీమా. డెబ్బైలలో దేశమంతా వందల కోర్లు ఉండేవి. చర్చి, సైనికుల సంఘం, వీధిలో పిల్లలు, అంతే కోర్. పోటీ దేశవ్యాప్తమయ్యాక దూరాలు పెరిగాయి, ఖర్చు పెరిగింది, చిన్నవి తట్టుకోలేకపోయాయి.

మసాచుసెట్స్‌లోని రివియర్‌లో ‘27త్ లాన్సర్స్’ అని ఉండేది. 1980 లేక్ ప్లాసిడ్ శీతాకాల ఒలింపిక్స్‌లో ప్రదర్శన ఇచ్చిన కోర్ అది. ఎనభైలు దాటకుండానే ఆగిపోయింది. న్యూజెర్సీలోని బేయోన్‌లో ‘బ్రిడ్జ్‌మెన్’. పొడుగు కోట్లు, వెడల్పు టోపీలు వేసుకుని, షో చివర అందరూ ఒక్కసారి మూర్ఛపోయినట్టు మైదానంలో పడిపోయేవారట! జనం వెర్రెత్తిపోయేవారు. అదీ లేదు. వీటి పేర్లు నాలాంటి ఇండియా నుంచి వచ్చినవాడికి తెలిశాయంటే పాత కథలు రాసి పెట్టినవాళ్ళ వల్లే, వాళ్ళలో నేను ఎక్కువ చదివింది బూ గారిని.

వైజాగ్ బ్యూగిల్

నేను విశాఖ నుంచి. మీరందరూ అక్కడి సంగతులు మాట్లాడుతున్నారు, నేను మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. కాలేజీలో ఎన్‌సీసీ బ్యాండ్‌లో సైడ్ డ్రమ్ వాయించాను. డిసెంబరులో నేవీ డేకి ఆర్‌కే బీచ్‌లో నేవీ బ్యాండ్ వస్తే ఇప్పటికీ ముందు వరసలో ఉంటాను.

ఈ థ్రెడ్ చదువుతుంటే మా ఊరి బ్యాండు మేళం గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. పెళ్ళి ఊరేగింపులో క్లారినెట్ వాయించే పెద్దాయన ఒకరుండేవారు. పెట్రోమాక్స్ లైటు కింద, ఎర్ర కోటు గుండీలు సగం ఊడిపోయి ఉండేవి, కానీ ఆయన ఎత్తుకుంటే వీధి వీధంతా బయటికొచ్చేది. నోటేషన్ లేదు, అంతా చెవి మీదే. ఆయన శిష్యులు ఎవరు, ఎక్కడ నేర్చుకున్నారు, ఏయే ఊళ్ళు తిరిగారు, ఎవరూ రాయలేదు. మేళం పోయింది, దాంతోపాటే అంతా పోయింది. మీకు ఒక బూ గారు ఉన్నారు. మాకు లేకపోయారు.

కాపెల్ అమ్మ

వైజాగ్ అన్నయ్యా, మీరు మధ్యలో దూరడం ఏంటి, ఇది మీ చోటే. ఆ క్లారినెట్ పెద్దాయన గురించి మీకు గుర్తున్నంత రాయండి. ఊరి వాళ్ళని అడిగి రాయండి. వాళ్ళ పిల్లలు ఎక్కడో ఉండే ఉంటారు.

గార్డ్ అమ్మ

నేను ఒక వేసవి కోర్ ఫుడ్ ట్రక్కులో వాలంటీర్‌గా వెళ్ళాను. అది చెప్తాను, ఎందుకంటే ఇలాంటివీ ఎవరూ రాయరు.

రాత్రి షో అయ్యాక పిల్లలు తిని బస్సెక్కి పడుకుంటారు. వంట ట్రక్కు కూడా బయల్దేరుతుంది. తెల్లవారుజామున ఊరు కాని ఊళ్ళో ఏదో స్కూలు పార్కింగ్ లాట్‌లో ఆగుతాం. బల్లలు దించి, నీళ్ళ డ్రమ్ములు నింపి, గుడ్లు కొట్టడం మొదలు. నూట యాభై మందికి పైగా పిల్లలు, వాళ్ళకు నేర్పేవాళ్ళు, డ్రైవర్లు, రోజుకి నాలుగు పూటలు. గుడ్లు కొట్టి కొట్టి బొటనవేలు మొద్దుబారిపోతుంది. నా పక్కన ఉల్లిపాయలు తరిగే ఆవిడ పిల్లాడు కోర్ వదిలి చాలా ఏళ్ళయింది, అయినా ప్రతి వేసవీ వస్తుందట. ఎందుకని అడిగితే, ‘వాడు ఏజ్ అవుట్ అయ్యాడు (అంటే కోర్ వయసు దాటిపోయింది), నేను కాలేదు’ అంది.

శాకాహారం పిల్లలు ఆరుగురుంటే వాళ్ళకి విడిగా గిన్నె పెట్టాలి. ఒకరోజు నేను నిమ్మకాయ పులిహోర కలిపాను. శాకాహారులకు మిగల్లేదు, ట్యూబా వాళ్ళు ఊడ్చేశారు.

ఆ వంట ట్రక్కు లేకపోతే షో లేదు. మైదానంలో మెరిసేవాళ్ళ వెనక ఎంతమంది ఉంటారో బయటివాళ్ళకు కనిపించదు. బూ గారు సభ్యుడిగా ఆ జీవితం గడిపినవారు కాబట్టే వాళ్ళందరూ తన పాఠకులేనని తెలిసి రాశారని నా నమ్మకం.

యూఫోనియం పిల్ల

అందరికీ నమస్కారం. నాకు తెలుగు టైపింగ్ రాదు, నేను చెప్తుంటే అమ్మ కొడుతోంది. ఇదే నా ఆఖరి సీజన్, వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది.

మా సెక్షన్ లీడర్ మొదటి క్యాంపులోనే చెప్పింది, పాతవాళ్ళని తెలుసుకోకుండా ఈ యూనిఫాం వేసుకోకండి అని. అలా బూ గారి పాత వ్యాసాలు చదివాను. ఆయన ఫిగర్ స్కేటింగ్ చరిత్ర మీద కూడా ఒక పుస్తకం రాశారని తర్వాత తెలిసింది, 1998లో వచ్చింది. నాకు అస్సలు ఆశ్చర్యం అనిపించలేదు. అదీ ఇలాంటిదే కదా, ఏళ్ళ తరబడి సాధన, నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, ఆపైన ఎవరో మార్కులు వేస్తారు.

2020లో సీజన్ మొత్తం రద్దయింది, 1972 నుంచి ఎప్పుడూ అలా జరగలేదు. నేనప్పుడు చిన్నదాన్ని. కానీ ఆ ఏడాదే ఏజ్ అవుట్ కావాల్సినవాళ్ళు కొందరు నాకు తెలుసు. వాళ్ళకు ఆఖరి షో లేదు, ఆఖరిసారి యూనిఫాం విప్పి మడతపెట్టడం లేదు. ఒక అక్క ఇప్పటికీ మా రిహార్సల్‌కి వచ్చి కంచె అవతల నిలబడి చూస్తుంది. వాళ్ళ గురించి ఎవరైనా పూర్తిగా రాయాలి. ఆ ఏడాది షో లేదు కాబట్టి వీడియో కూడా లేదు.

న్యూజెర్సీ నుంచి

అమ్మా, చాలా బాగా చెప్పావు. ఇందాక నేనడిగిన ప్రశ్న అలాగే ఉంచుతాను, తల్లిదండ్రులు దాన్ని మర్చిపోకూడదు. కానీ నువ్వు చెప్పిన 2020 వాళ్ళ సంగతి నువ్వే ఎందుకు రాయకూడదు? ఆ అక్కని అడుగు. ఆమె ఒప్పుకుంటే మాట్లాడించి రికార్డ్ చెయ్యి. ఇంగ్లీషులో రాసినా సరే, తెలుగులో పెట్టడానికి నేను సాయం చేస్తాను.

యూఫోనియం పిల్ల

అడుగుతాను అంకుల్. ఆమె ఒప్పుకుంటుందనే అనుకుంటున్నా.

తాళం

నాదీ ఒక పని. మా వాడి డాట్ పుస్తకాలు మూడు సీజన్లవి అటక మీద పెట్టేద్దామనుకున్నారు. తెప్పించుకుని ఫొటోలు తీసి, పక్కన వాడి వివరణతో పెడతాను. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీకి డ్రిల్, అంటే ఎవరు ఎప్పుడు ఎక్కడ నిలబడాలనే ఏర్పాటు, ఎన్నిసార్లు మారిందో, ఎందుకు మార్చారో వాడికి ఇంకా గుర్తుంది. ఇంకో పదేళ్ళకు ఉండదు.

పాత స్నేర్

ఒక సూచన. బూ గారి పద్ధతి పాటిద్దాం. ఏ షో గురించి రాసినా కోర్ పేరు, ఊరు, సంవత్సరం, వాయించిన సంగీతం, వచ్చిన స్థానం మొదట ఉండాలి. ఆ తర్వాత మన అనుభవం. సంవత్సరం లేని జ్ఞాపకం ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరికీ పనికిరాదు. ఏ వివరమైనా ఖాయంగా తెలిస్తేనే రాయండి, లేకపోతే స్కోర్ షీట్ చూసి రాయండి.

మోడరేటర్

అందరికీ ధన్యవాదాలు. ఈ థ్రెడ్‌ని పైన పిన్ చేశాను. ‘మన పిల్లల కోర్ కథలు’ అని విడిగా ఒక విభాగం తెరిచాను. నియమాలు రెండే. పిల్లల పూర్తి పేర్లు, ఫొటోలు వాళ్ళ అనుమతి లేకుండా పెట్టొద్దు. పాత స్నేర్ గారు చెప్పినట్టు కోర్, సంవత్సరం తప్పనిసరి.

గార్డ్ అమ్మ గారి ఫుడ్ ట్రక్కు పోస్టుని అందులో మొదటిదిగా పెడుతున్నాను. అమ్మా, ఏ కోరో, ఏ వేసవో చెప్పలేదు మీరు, అది చేర్చండి. వైజాగ్ బ్యూగిల్ గారూ, ఇది అమెరికా కోర్లకే పరిమితం కాదు. మీ ఊరి మేళం రెండో పోస్టు. ఎప్పటికి రాయగలరు?

వైజాగ్ బ్యూగిల్

ఆదివారం ఊరెళ్తున్నా. డోలు వాయించిన ఆయన తమ్ముడు ఇంకా అక్కడే ఉన్నారని మా పెద్దమ్మ చెప్పింది. కలిసి వచ్చి రాస్తాను.